ఒక్కటే నొప్పి చెప్పు

మా బొగ్గుబాయిల దగ్గర నడుము నొప్పిని ఎవరూ రోగం అనరు. జ్వరం వచ్చిందంటే అయ్యో అంటారు, కాలు బెణికిందంటే నూనె సీసా తెచ్చిస్తారు. నడుము నొస్తోందంటే మాత్రం ఓ నవ్వు నవ్వి, "ఏందే, అన్‌ఫిట్ గావాల్నా?" అంటారు. కంపెనీ మెడికల్ బోర్డు ఒక మనిషి పనికి చాలడని తేలిస్తే, అతని ఉద్యోగం ఇంట్లో ఇంకొకరికి వస్తుంది. అందుకని గోదావరిఖనిలో నిజంగా నడుము విరిగినవాడు కూడా ముందు అది నాటకం కాదని ఒప్పించుకోవాలి. ఆ తర్వాతే మందు.

నాకు ముప్పై రెండేళ్ళు. పేరు సంపత్. ఇప్పుడిప్పుడే అన్నం సహిస్తోంది, అందుకే రాస్తున్నాను. భయాన్ని లోపలే పెట్టుకుంటే అది ముదురుతుందని నాకు తెలిసొచ్చింది. మా గనిలో కుర్రాడెవడైనా ఇది చదివి ఒక్క మాట దాచకుండా డాక్టరుకు చెప్పుకుంటే, ఈ రాత ఊరికే పోనట్టే.

మార్చి

నేను అండర్‌గ్రౌండ్ గనిలో సపోర్ట్‌మన్‌ని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దన్నులు పెట్టడం మా పని. పెట్టేముందు ఇనుప కడ్డీతో కప్పును తట్టి వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల చీలిక ఉంటే చప్పుడు బొంగురుపోతుంది. ఆ తేడా నాకు కొమురయ్య కాక నేర్పాడు. ఆయన మా గ్యాంగులో పెద్దవాడు. "కండ్లను నమ్మకు, చెవులను నమ్ము. కప్పు కూలేముందు చెప్తది, మనం ఇనాలె గంతే" అనేవాడు.

మార్చిలో నడుము నొప్పి మొదలైంది. పని చేస్తున్నంతసేపూ ఓర్చుకునేలానే ఉండేది, వెల్లకిలా పడుకుంటే పెరిగేది. పని నొప్పి పడుకుంటే తగ్గాలి కదా. ఇది తిరగబడ్డ నొప్పి. నాకు ఆ మొదటి వారంలోనే ఎక్కడో గుబులుగా అనిపించింది గాని, గుబులును ఎవరితో చెప్పుకుంటాం?

మా బాపు ఓదెలు అదే గనిలో పనిచేశాడు. కళ్ళు మసకబారి అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగమే నాకొచ్చింది. ఆయన మొదట్లో దవాఖానకు పోయి కళ్ళు, మోకాళ్ళు, దగ్గు, అన్నీ ఏకరువు పెట్టాడట. నమ్మలేదట. చివరికి ఒక్క కళ్ళ సంగతే చెబితే నమ్మారట. అప్పటినుంచి అది ఆయనకు వేదవాక్కు.

"ఇను బిడ్డా. దవాఖానల ఒక్కటే నొప్పి చెప్పు. రెండు చెప్పినవనుకో, వీడు ఇంటికాడనే అన్ని నేర్సుకోని వచ్చిండంటరు. నడుమన్నవా, ఇగ నడుమే. కడుపు, కాలు, తల ఏం తియ్యకు."

మా తమ్ముడు అనిల్ పక్కనే అన్నం తింటున్నాడు. వాడు ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, కాంట్రాక్టరు దగ్గర డంపర్ లారీ నడుపుతాడు. పర్మనెంటు ఉద్యోగం కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నవాడు. బాపు మాట విని తల ఎత్తలేదు, ముద్ద మాత్రం చేతిలోనే ఆగింది. ఆ క్షణంలో మా ఇంట్లో అందరికీ ఒకే ఆలోచన వచ్చింది. నాకూ వచ్చింది. నా నడుము వల్ల తమ్ముడికి దారి దొరుకుతుందంటే మంచిదే కదా అనుకున్నాను.

మే

మే నెలలో మా రామగుండం వైపు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. పొయ్యి మీద పెనం కూడా మనకంటే నయం. ఆ ఎండకే అన్నం దిగడం లేదనుకున్నాను. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది. చొక్కాలు వదులయ్యాయి గాని, నాభి పైన మాత్రం గట్టిగా, బరువుగా ఉండేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ చేసినప్పుడు మా క్వార్టర్లో గిన్నెలు గలగలమంటాయి. అది చిన్నప్పటినుంచి అలవాటే. ఆ నెలలో మాత్రం బ్లాస్టింగ్ జరిగిన ప్రతిసారీ చెయ్యి తనంతట తానే కడుపు మీదికి పోయేది.

ఇంకొకటి ఉంది. రాయడానికి ఇప్పటికీ సిగ్గే. ఛాతీ మీద రెండు పక్కలా ఉబ్బి, బనీను తగిలితే చాలు సలిపేది. షిఫ్టు దిగాక అందరం కలిసే స్నానం చేస్తాం. నేను బనీనుతోనే నీళ్ళు పోసుకోవడం మొదలుపెట్టాను.

"ఏందిరా సంపతూ, పెండ్లిపిల్ల లెక్క సిగ్గువడ్తానవ్?" అన్నాడు కొమురయ్య కాక. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాత్రం తర్వాత సైకిల్ స్టాండు దగ్గర ఆపి, "నువ్వు బక్కగైనవ్ రా. జెర మంచి డాక్టరుకు చూపెట్టుకో" అన్నాడు. నాటకమని అనని మొదటి మనిషి ఆయనే.

ఈ లోపల కంపెనీ దవాఖానకు పోతూనే ఉన్నాను. "నడుము సార్." మాత్రలు ఇచ్చేవారు. "ఇంకేమైనా ఉందా?" అని అడిగేవారు కూడా. అబద్ధమెందుకు, ప్రతిసారీ అడిగారు. "ఏం లేదు సార్" అని నేనే అనేవాణ్ణి. గుమ్మం బయట బాపు నిలబడి ఉండేవాడు.

జూన్

ఆ రోజు రజిత కూడా వస్తానంది. రజిత నా భార్య. మాకు పెళ్ళయి ఐదేళ్ళు, పిల్లలు లేరు. నెమ్మదైన మనిషి, అత్తమామల ముందు గట్టిగా మాట్లాడి ఎరుగదు. ముగ్గురం లోపలికి వెళ్ళాం. కొత్తగా వచ్చిన లేడీ డాక్టరు. నేను నడుమన్నాను. ఆమె తలాడించి మందులు రాయబోతోంది.

"మేడం" అంది రజిత. "నడుమొక్కటే గాదు మేడం. కడుపు గట్టిగైంది. అన్నం తింటలేడు. ఛాతీల గడ్డల లెక్క ఉన్నయి, బట్ట తాకితె ఓర్సుకుంటలేడు. చెప్పద్దన్నరు మేడం."

బాపు ఆమె వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. ఇంటి గుట్టు బజారుకెక్కించినట్టు చూశాడు.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, చొక్కా తీసి పడుకోమంది. ఛాతీ చూసింది. పొట్ట మీద ఎడమచెయ్యి ఆనించి, కుడిచేతి వేలితో తట్టింది. పక్కన తడితే ఒక చప్పుడు. నాభి పైన తడితే ఇంకొకటి, బొంగురుది. ఆమె ఇంకోసారి తట్టింది. నాకు ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఇలాంటి చప్పుడు విన్నాక మేము ఆ చోట నిలబడం, వెనక్కి వచ్చేస్తాం. కాని అది నా లోపల ఉంది, ఎక్కడికని పోను?

స్కానింగులో గడ్డ కనబడింది. కడుపు వెనక, వెన్నెముకను ఆనుకుని, మా అవ్వ, అంటే మా అమ్మ, చేసే జొన్నరొట్టె ముద్దంత. డాక్టరమ్మ రక్తపరీక్షలు రాసింది. వాటిలో ఒకదాని కోసం బజార్లో ల్యాబుకు వెళ్ళాం. కౌంటరులో అమ్మాయి చీటీ చూసి, "ఇది కడుపుతోని ఉన్నోళ్ళకు చేసే టెస్టు. పేషెంటు పేరు మేడందే కదా?" అని రజితను ముందుకు రమ్మంది.

బెంచీ మీద ఒక ముసలవ్వ కూర్చుని ఉంది. రజిత చెయ్యి పట్టుకుని, "మంచిగ నీళ్ళాడుతవ్ బిడ్డా, ఫికర్ జెయ్యకు. నీ మొఖమే చెప్తాంది" అంది.

"నాకు గాదవ్వా. మా ఆయినకు" అంది రజిత.

ముసలవ్వ పకపకా నవ్వింది. కౌంటరులో అమ్మాయి కూడా నవ్వి, మళ్ళీ చీటీ చూసి నవ్వు ఆపేసింది. ఐదేళ్ళుగా ఏ మాట కోసం రజిత మొక్కని మొక్కు లేదో, ఆ మాట అలా వచ్చి పోయింది. ఆమె బయటకు వచ్చి చెప్పులు వేసుకుంటూ కొంగుతో ముఖం కప్పుకుని నిలబడిపోయింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

జూలై

హైదరాబాదులో పెద్ద దవాఖానకు పంపారు. అక్కడ వెయిటింగ్ హాలు మా షిఫ్టు వేళ గని గేటులాగే ఉంటుంది, ఒక్కటే తేడా, ఎవరూ మాట్లాడుకోరు. సూదితో ముక్క తీశారు. ఆ ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో అనిల్ నా పక్కనే ఉన్నాడు. ఫోనులో తలపెట్టుకుని కూర్చునేవాడు గాని, నేను లేస్తే ముందే లేచి నిలబడేవాడు.

ఫలితం చెప్పే రోజు బాపు, రజిత కూడా వచ్చారు. పెద్ద డాక్టరు మంచివాడు. చెప్పాల్సింది చుట్టూ తిప్పకుండా చెప్పాడు.

"దీన్ని జర్మ్ సెల్ ట్యూమర్ అంటారు. నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు, వృషణాల్లోకి దిగాల్సిన కణాలు కొన్ని దారిలోనే ఆగిపోయి ఉంటాయి. ఇన్నేళ్ళకు అవి పెరగడం మొదలుపెట్టాయి. కడుపులో రావడం అరుదు. గర్భిణుల రక్తంలో ఉండే పదార్థాన్నే ఇది కూడా తయారుచేస్తుంది, ఛాతీ ఉబ్బింది అందుకే."

"క్యాన్సరా సార్?" అని అడిగాను.

"క్యాన్సరే. మందుకు లొంగే రకం. కాని ఇప్పటికే పెద్దదైంది. ఇంకొన్ని నెలలు ఆలస్యమై ఉంటే నేను ఈ మాట చెప్పేవాణ్ణి కాను. ఛాతీ సంగతి మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?"

బాపు కిటికీ వైపు తిరిగాడు. ఆ గదిలో కిటికీకి అవతల గోడ తప్ప ఏమీ లేదు.

నేను ముప్పై రెండేళ్ళు మోసింది అదే అన్నమాట. షిఫ్టు అయిపోయినా పైకి రాని మనిషిలా, ఆ కణాలు నాలో ఎక్కడో చీకట్లో ఉండిపోయాయి. ఆ ఆలోచన వచ్చిన తర్వాత చాలా రోజులు నా ఒంటిని నేనే ముట్టుకోవడానికి భయపడ్డాను.

ఇంకో మాట కూడా డాక్టరే ఎత్తాడు. ఈ మందుల తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు, ముందే వీర్యం తీయించి ల్యాబులో దాచిపెట్టుకోవచ్చు అన్నాడు. మామగారి ముందు ఆ మాట వినలేక రజిత నేల చూపులు చూసింది. కాని బయటకు వచ్చాక ఆమే అంది, "దాసిపెడ్దాం. నువ్వు బతికి వచ్చినంక సూసుకుందాం." బతికి వస్తే అనలేదు, వచ్చినంక అంది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను వార్డులోకి వెళ్ళాను.

నా పనేమిటని అడిగి, బొగ్గుగని అనగానే డాక్టరు మందుల్లో ఒకటి మార్చాడు. మామూలుగా ఇచ్చేది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందట, నావాటిలో ఇప్పటికే బొగ్గుదుమ్ము చేరి ఉంది.

బతుకమ్మ రోజులు

కీమో గురించి ఎక్కువ రాయను. వాంతులు, నోటిపూత, దిండు మీద వెంట్రుకలు, అందరూ రాసేవే. నాకు ప్రత్యేకంగా వచ్చింది చెవుల్లో సైరన్. మూడో విడత తర్వాత మొదలైంది, షిఫ్టు సైరన్ దూరంనుంచి మోగుతున్నట్టు, ఆగేదే కాదు. వేళ్ళ చివరలు మొద్దుబారి గుండీ పెట్టుకోవడానికి కూడా రజిత కావలసి వచ్చేది.

విడతకూ విడతకూ మధ్య ఇంటికి తెచ్చేవారు. అప్పుడు వచ్చింది బతుకమ్మ. మా క్వార్టర్ల లైన్లో ఆడవాళ్ళందరూ ముందు వీధిలో ఆడుతున్నారు. నేను లోపల మంచం మీద ఉన్నాను. ఆట అయ్యాక మా వాకిట్లో కూర్చున్నారు. పక్కింటి ఆమె మా అవ్వను ఓదారుస్తోంది, మనసులో ఏ కల్మషమూ లేకుండానే.

"ఏం జేస్తం అక్కా, అంత దేవుని దయ. ఏమన్న అయినా రజితకు ఉద్యోగమన్న వస్తది. గంతన్న నయం."

మా అవ్వ అంది, "రజితకే ఎట్ల వస్తది? మా చిన్నోడు లేడా?"

వినకూడని మాట విన్నాను. మా అవ్వ చెడ్డది కాదు. నా కోసం ఒక్కపొద్దులుంటూ సగమైపోయింది. కాని ఈ నేల మీద ఒంటికి ఏమైనా అయితే ముందు ఉద్యోగం ఎవరికని అడగడం అందరికీ నోటికి అలవాటైపోయింది. నేను ఇంకా ఊపిరి తీస్తున్నాను, నా డ్యూటీ అప్పుడే పంపకానికి వచ్చింది. దుప్పటి మీదికి లాక్కున్నాను. చెవిలో సైరన్ మోగుతూనే ఉంది.

అప్పుడు అనిల్ గొంతు వినబడింది. ఎప్పుడొచ్చాడో తెలియదు, బూట్లు కూడా విప్పలేదు. "ఎవ్వలకు వద్దు. ఇంకోసారి గీ ముచ్చట తీసిన్రనుకో, నేను ఇంట్ల ఉండ. మా అన్న ఇంట్లనే ఉన్నడు, ఇంటాండు" అన్నాడు. వాకిలి ఖాళీ అయిపోయింది. వాడు లోపలికొచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని, "సిగ్గయితాంది అన్నా. మార్చిల నేను గూడ గట్లనే అనుకున్న" అన్నాడు.

"నేను గూడ అనుకున్నరా" అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

ఆ రోజు రజిత బతుకమ్మ ఆడలేదని తర్వాత తెలిసింది. వాకిట్లో ఆ మాట జరుగుతున్నప్పుడు వంటింట్లో నాకు గంజి కాస్తోందట. విన్నదో లేదో నేను అడగలేదు.

చలికాలం

మందులకు గడ్డ కుంగింది. మిగిలిన దాన్ని పెద్ద ఆపరేషన్ చేసి తీశారు. ఛాతీ కింద మొదలై నాభి దాటి పోయే కుట్లు. తీసిన దాంట్లో ప్రాణమున్న కణం కనబడలేదని చెప్పారు. రక్తపరీక్ష మామూలైంది. డాక్టరు చెయ్యి కలిపి, "మొదటి రెండేళ్ళు కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసుకోవాలి. ఏ చిన్న తేడా వచ్చినా దాచొద్దు" అన్నాడు.

ఆ చలికాలంలోనే మెడికల్ బోర్డుకు పోయాను. బాపు నాకేమీ నేర్పలేదు. నేనే ఉన్నదున్నట్టు చెప్పాను. కడుపు బాగానే ఉంది, చెవులు దెబ్బతిన్నాయి, కప్పు తట్టితే చప్పుడు తేడా నాకు తెలియడం లేదు, నన్ను నమ్మి ఎవరూ కింద నిలబడకూడదు అన్నాను. పైన, గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే ల్యాంప్ రూంలో పని ఇచ్చారు. అనిల్ ఇంకా డంపరే నడుపుతున్నాడు. కొమురయ్య కాక రోజూ టోపీ దీపం తీసుకుంటూ, "ఇప్పుడు నాకు నువ్వే దీపమిత్తానవ్ రా" అని నవ్వుతాడు. ఆ నవ్వు నాకు బలం.

ఇది రాసేముందు

పోయిన నెల మళ్ళీ చెకప్. వారం ముందునుంచీ నడుము ఎడమపక్క పట్టేస్తోంది. పడుకుంటే ఎక్కువ. మళ్ళీ ఆ తిరగబడ్డ నొప్పి. నేను ఎవరికీ చెప్పలేదు. ఇంత జరిగాక కూడా చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం. హైదరాబాదుకు బాపు తోడు వచ్చాడు.

"ఎలా ఉంది? ఇబ్బందులేమైనా?" అన్నాడు డాక్టరు.

"ఏం లేదు సార్."

"అబద్ధం సార్" అన్నాడు బాపు.

వెనక్కి తిరిగాను. బాపు గోడను ఆనుకుని నిలబడి ఉన్నాడు, చేతిలో రుమాలు నలుపుతున్నాడు.

"నడుము నొస్తాంది సార్ వానికి. ఎడమ దిక్కు. పొద్దుగాల గోడ వట్టుకోని లేస్తాండు. అన్నం రెండోసారి వెట్టించుకుంటలేడు. సైకిల్ తొక్కుడు బందువెట్టిండు. తానం జేసేటప్పుడు ఛాతీ పిసికి సూసుకుంటాండు, తలుపు సందుల కెల్లి సూసిన. దగ్గు గూడ ఉన్నది. చెవుల్ల సైరన్ మాట మీకు ఎర్కనే. ఇంకా ఏమన్న ఉంటె నాకు కనవడ్తలేదు సార్, నా కండ్లు మంచిగ లెవ్వు."

మసక కళ్ళతో ఆయన ఇదంతా ఎప్పుడు చూశాడో నాకు తెలియదు. డాక్టరు నన్ను పడుకోబెట్టి ఎడమపక్క నొక్కి చూశాడు. తర్వాత స్కానింగు రాశాడు.

ఆ మధ్యాహ్నం హాల్లో బెంచీ మీద మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆయన మోకాలు నా మోకాలికి తగిలింది. సాయంత్రానికి పిలిచారు. లోపల ఏమీ లేదట. ఆపరేషన్ చేసిన చోట కండ పట్టేస్తోందట, నెమ్మదిగా పోతుందట. ఈసారికి అంతే. మళ్ళీ మూడు నెలలకు రావాలి, అప్పుడు ఏమంటారో ఎవరికీ తెలియదు.

తిరుగు రైలుబండిలో బాపును కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. బండి కదిలాక అడిగాను, "బాపూ, నీకేమన్న నొస్తాందా?"

ఆయన కిటికీ వైపునుంచి నా వైపు తిరిగాడు.

"రెండున్నయి" అన్నాడు.

మోకాళ్ళ సంగతి కాజీపేట రాకముందే చెప్పేశాడు. రెండోది చెప్పేసరికి జమ్మికుంట దాటింది. మాట్లాడుతూ గొంతు కింద చెయ్యి పెట్టుకున్నాడు, ముద్ద అక్కడే ఆగుతోందని, పోయిన ఎండాకాలంనుంచీ అంతేనని చెప్పాడు. నా రోగం ముందు తనదెంతని ఊరుకున్నాడట.

సోమవారం పొద్దున్నే కంపెనీ దవాఖానకు తీసుకెళ్ళాను. అదే లేడీ డాక్టరు. ఆయన మోకాళ్ళ నొప్పి అని మొదలుపెట్టి ఆగిపోయాడు. నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను.

"రెండోది గూడ చెప్పు బాపూ" అన్నాను.